మీ మామ డప్పు

కడప,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుధాకర్,

మూడు నెలలుగా నీకు ఉత్తరం బాకీ. తిట్టు, పడతాను. ఎదురింటి అబ్బాయి తెల్లవారుజామున కువైట్ బయలుదేరుతున్నాడు. ఊరగాయ జాడీతో పాటు ఇది కూడా వాడి సంచిలో వేస్తున్నాను. అమ్మ మోకాలు అలాగే ఉంది, శనగ ఒక మోస్తరు, చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి. క్షేమ సమాచారం సమాప్తం.

అసలు సంగతి విను. ఈ రోజు మన చర్చిలో కోత పండుగకు మీ మామ డప్పు కొట్టాడు. గుడి బయట కాదురా, లోపల. ప్రభువు బల్లకు నాలుగడుగుల దూరంలో.

నెల క్రితం కమిటీలో కొత్త పాస్టరుగారు ఈసారి పనలను డప్పుతో లోపలికి తెద్దామన్నారు. అందరూ ఫ్యాను వైపు చూశారు. చివరికి మన ఆమెన్ మాస్టారు లేచారు. (ఆయన ప్రార్థనకు గడియారం పెట్టింది నువ్వే కదా, రికార్డు ఇంకా పదిలం.) డప్పు లోకసంబంధమైనది, బలహీనులైన సహోదరులకు అభ్యంతరం అవుతుంది అన్నారు. "మరి మన ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో ప్రతి ఆదివారం వాయించే డప్పు మోత?" అని పాస్టరుగారు అడిగారు. "అది కరెంటుతో మోగేది కదండీ!" అన్నారు మాస్టారు. ఆ మాటను మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చున్నాను. ప్యాడ్‌కు తోలు లేదు, దానికో వీధీ లేదు. మాలల గుడిలో మాదిగ డప్పు ఏమిటన్నదే అసలు గొడవ. పైకి ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అప్పుడు పాస్టరుగారు దక్షిణాఫ్రికా సంగతి ఎత్తారు. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘం వాళ్లు, అందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, 'కొందరి బలహీనత' కారణంగా తెల్లవారు కానివాళ్లకు వేరే ఆరాధన పెట్టవచ్చని తీర్మానించారట. 1881 నాటికి అది వేరే సంఘమే అయిపోయింది. అలా పక్కకు నెట్టిన సంఘమే 1982లో బెల్‌హార్‌లో, ఈ వేరుచేయడం సువార్తకే విరుద్ధమని విశ్వాస ప్రకటన రాసి, 1986లో ఆమోదించుకుంది. అదంతా చెప్పి, "ఇంతకీ మన బలహీనులు ఎవరండీ?" అని మెల్లగా అడిగారు.

ఒకాయన అక్కడిది రంగు, ఇక్కడ అది లేదు కదా అన్నాడు. పాస్టరుగారు దానికీ సిద్ధంగానే ఉన్నారు. 1959లో కేరళలో ఒక బడిలో మార్టిన్ లూథర్ కింగ్‌ను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడని పరిచయం చేశారట. మొదట నొచ్చుకున్నా, తర్వాత అవును, నేనూ అంటరానివాణ్నే అనుకున్నానని కింగే చెప్పుకున్నాడు. ఇంకో తమాషా ఏమిటంటే, 2022లో మన చిందుకూరు బిడ్డ పూల ఆంథోనీ గారు దళితుల్లో తొలి కార్డినల్ అయినప్పుడు, మనం క్యాథలిక్కులం కాకపోయినా మిఠాయి పంచింది ఇదే కమిటీ!

సరే, ఈ రోజుకు వస్తాను. మామ డప్పును గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. రాత్రి మంచుకు తోలు వదులైంది. కాయాలి. మంటకు ఏమీ దొరకలేదు. పాస్టరమ్మగారు వెనక గదిలోంచి మట్టల ఆదివారం నాటి ఎండుమట్టలు తెచ్చి ఇచ్చారు. గుడి ముందే మంట వేశాం. మామ డప్పును తిప్పుతూ, చిటికెన పుల్లతో తడుతూ, చెవి దగ్గర పెట్టుకుని "పచ్చిగా ఉంది నాయనా, ఇంకొంచెం" అంటున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు, అందరమూ విడుస్తాం. కానీ భుజం మీది తువ్వాలు కూడా తీసి చంకలో పెట్టుకున్నాడు. వద్దు మామా అనబోయాను, నోరు రాలేదు. డప్పు మీద సిర్ర పుల్ల పడిన రెండో నిమిషానికి చెమటలు పట్టాయి. మొహం తుడుచుకుని తువ్వాలు తానే భుజాన వేసుకున్నాడు. ఇక దాని సంగతే మరిచిపోయాడు.

మా చిన్నాన్న వాళ్లు బయటే నిలబడ్డారు, వేలానికి మాత్రం వచ్చారు. ఆమెన్ మాస్టారు పోటీపడి గుమ్మడికాయను మూడు వందలకు పాడారు. అది మీ మామ పెరటిదని ఆయనకు తెలియదు. వండుకున్నారో లేదో రేపు కనుక్కుంటాను.

పదో తరగతి క్రిస్మస్‌కు నువ్వు రేకు డబ్బా మీద ఈ దరువే వేస్తుంటే చేతిలోంచి లాక్కున్నారు, గుర్తుందా? నేను నీ పక్కనే ఉన్నాను. పాట ఆపలేదు. ఇన్నేళ్లుగా ఆ సంగతి నీతో... ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను.

కమిటీలో మీ వీధి వాళ్లు ఇప్పటికీ ఒక్కరూ లేరు. జనవరిలో ఎన్నిక. మామ పేరు నేనే ప్రతిపాదిద్దామని ఉంది, కానీ చిన్నాన్న ఇంట్లో...

తలుపు కొడుతున్నాడు. ఆటో వచ్చేసిందట. జాడీ మూతకు గుడ్డ కట్టాలి, ఉంటాను.

నీ
ప్రభాకర్