సత్రంలో స్థలం: మన సంఘం 2023 వార్షిక నివేదిక

సభ్యులకు, పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికను జనవరి నుంచి వరసగా రాసేవాళ్లం. ఈసారి డిసెంబరుతోనే మొదలుపెడుతున్నాను. ఈ ఏడాది మనం చేసిన అన్నిటికంటే పెద్ద పని ఆ నెలలోదే. చేయడానికి తటపటాయించిందీ అదే పని.

డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు రాత్రి మన ఒంగోలులో వాన తెరిపి ఇవ్వలేదు. కాలనీ దిగువన ఉన్న ఇళ్లలోకి నీళ్లొస్తే, నాలుగైదు కుటుంబాలవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మన కమ్యూనిటీ హాలు మెట్ల మీదికి చేరారు. తాళంచెవి నా దగ్గరే ఉంది. పండక్కని హాలుకు రంగు వేయించి వారం కూడా కాలేదు. స్టార్లు, సీరియల్ లైట్లు, పశువుల పాక కోసం తెచ్చిన సామాను అంతా లోపలే ఉంది. కమిటీ పెద్దలకు ఒక మాట చెప్పి తీద్దామని ఫోన్లు చేస్తూ అరగంట గడిపాను. సిగ్నల్ అందలేదు. మెట్ల మీదున్నవాళ్లెవరూ నన్ను తలుపు తీయమని అడగలేదు, చూరు కింద అలా నిలబడే ఉన్నారు. కార్యదర్శిగా ఆ అరగంట తప్పు నాది. దాన్ని ఈ నివేదికలో రాయకుండా ఉండలేను.

తలుపు తీశాక చూస్తే వాళ్లలో ఒక బాలింత ఉంది. బిడ్డకు చుట్టిన గుడ్డ తడిసి ముద్దయింది. మన సభ్యురాలు ఒకామె ఇంటికి పరుగెత్తి, మెత్తబడిన పాత నేత చీర తెచ్చి, అక్కడే నాలుగు ముక్కలుగా చించింది. ఒక ముక్కతో ఒళ్లు తుడిచి, ఇంకో ముక్కలో చేతులు లోపలికి పెట్టి బిగువుగా చుట్టింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా జరిపి, మధ్యలో దుప్పటి మడతేసి పడుకోబెట్టారు. బిడ్డ ఏడుపు ఆపింది. “పొత్తిగుడ్డలతో చుట్టి” అని లూకా రెండో అధ్యాయం ప్రతి క్రిస్మస్‌కీ చదువుతాం. ఆ మాట నాకు ఆ రాత్రి అర్థమైంది.

తర్వాతి వారం బైబిల్ స్టడీలో పాస్టరు గారు ఇదే వాక్యం తీసుకున్నారు. “సత్రములో వారికి స్థలము లేనందున” అన్నచోట లూకా వాడిన గ్రీకు మాటకు విడిది గది అనే అర్థం కూడా ఉందట. ప్రభువు చివరి పస్కా భోజనం చేసిన గదికీ లూకా అదే మాట వాడాడు. ప్రభువు చెప్పిన ఉపమానంలో దెబ్బలు తిన్నవాణ్ణి మంచి సమరయుడు తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికి మాత్రం వేరే మాట ఉంది. మన పిల్లలు నాటకంలో వేసే సత్రం యజమాని పాత్ర సువార్తలో ఎక్కడా లేదు. ఆ కాలపు పల్లె ఇళ్లలో రాత్రిపూట పశువుల్ని ఇంట్లోనే ఒక పక్కన కట్టేవారు, గాడి, అంటే మేత తొట్టి, కూడా అక్కడే ఉండేది. కాబట్టి ఎవరో తలుపు వేసేశారని కాదు, జనాభా లెక్కలకు వచ్చినవాళ్లతో గది నిండిపోతే ఉన్నచోటే సర్ది చోటిచ్చారని కూడా చదవొచ్చన్నారు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకైతే గుండె బరువెక్కింది.

థర్మాకోల్ పాక ఆ రాత్రి తొక్కిసలాటలో విరిగిపోయింది. ఈసారి నిజమైన తొట్టే పెడదామని యూత్ పిల్లలు అడిగితే, ఒక సభ్యుడు తమ ఊళ్లో మూలపడిన కొయ్య తొట్టిని ఆటోలో తెచ్చారు. వాళ్ల నాన్నగారు ఒంగోలు గిత్తల్ని మేపిన తొట్టి అది. మెడలు రాసుకుని రాసుకుని అంచు ఒకవైపు అరిగి నున్నగా ఉంది. కడిగినా కుడితి వాసన పోలేదు. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇటలీలోని గ్రెచ్చోలో నిజమైన గాడి, గడ్డి, ఎద్దు, గాడిదలతో క్రిస్మస్ చేసింది 1223లో. సరిగ్గా 800 ఏళ్లు. పండగ రోజు చిన్నపిల్లలు ఆ తొట్టిలోకి వంగి వాసన చూసి ముక్కు మూసుకున్నారు. బాల యేసు పుట్టినచోటు ఇలాగే ఉండి ఉంటుందని వాళ్లకు ఏ ప్రసంగమూ ఇంత బాగా చెప్పలేదు.

ప్రభువు పుట్టిన వార్త మొదట విన్నది రాత్రి మంద కాసుకునే గొర్రెల కాపరులు. మనం దీన్ని మరవకూడదు. 1876-78 కరువులో మన ముత్తాతలు బకింగ్‌హామ్ కాలవ మట్టి మోసి బతికారు. ఆ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు పని చూపించింది అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కడా చోటులేని వాళ్ల బిడ్డలం మనం.

మిగతా పనులు క్లుప్తంగా. వేసవిలో చలివేంద్రం నడిపాం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు జరిగాయి. సమాధుల తోటలో కంపచెట్లు కొట్టించాం, గోడ పని సగంలో ఆగింది. క్యారల్ రౌండ్స్‌లో వచ్చిన కానుకలు నీళ్లొచ్చిన ఇళ్లకే ఇచ్చాం. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు.

సర్వసభ్య సమావేశం ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. హాలు తాళంచెవులు మూడు చేయించి, ఒకటి దిగువ వీధిలోనే ఉంచాలి. వాన రాత్రి తలుపు తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని రాసుకోవాలి. హాలు గోడ మీద ఆనుకుని కూర్చున్నవాళ్ల తడి వీపుల మరకలు అలాగే ఉన్నాయి. మళ్లీ రంగు వేయించే ఖర్చు వచ్చే ఏడాది బడ్జెట్‌లో చేర్చలేదు.