ట్రాక్ వేయండి, చెరువు లోపల మాత్రం వద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. చిన్న పట్టణాల్లో ఇప్పుడు చెరువుకు నిధులు మంజూరయ్యాయంటే ఆ పని పేరు దాదాపు ఒకటే: సుందరీకరణ. చుట్టూ రింగ్ బండ్, దాని మీద పలకలు పరిచిన వాకింగ్ ట్రాక్, దీపాలు, ఓపెన్ జిమ్, ఊరి పేరు పెద్దక్షరాల్లో రాసిన సెల్ఫీ పాయింట్. వీటిలో ఏదీ నాకు గిట్టనిది కాదు. పొద్దున్నే నడుద్దామంటే లారీలు తిరిగే రోడ్డు తప్ప గతి లేని ఊళ్లలో ట్రాక్ ఉండాల్సిందే. నా పేచీ అంతా దాన్ని వేస్తున్న చోటు గురించే. చాలా ఊళ్లలో ఆ బండ్ చెరువు లోపల, అంటే చెరువు నిండితే నీళ్లలో మునిగే శిఖం భూమిలో లేస్తోంది. అదే గట్టు కబ్జాదారు వేస్తే కేసు పెడతారు, ప్రభుత్వ డబ్బుతో వేస్తే కొబ్బరికాయ కొడతారు.

మన చెరువు బావిలా నిటారుగా దిగదు. ఒకవైపు వంచిన పళ్లెంలో నీళ్లు పోసినట్టు ఉంటుంది. కట్ట దగ్గర లోతు, ఎగువకు పోయేకొద్దీ మోకాలి లోతు, చీలమండ లోతు, ఆపైన ఒట్టి బురద. వానాకాలంలో నీళ్లు ఆ చివరిదాకా ఎక్కుతాయి, ఎండాకాలానికి వెనక్కి కట్ట దగ్గరికి జారతాయి. ఇలా తడుస్తూ ఆరుతూ ఉండే ఎగువ పట్టీయే అసలైన చిత్తడి నేల. తుంగ, జమ్ము మొలిచేది అక్కడే. కప్పలు గుడ్లు పెట్టేది, చేపపిల్లలు పెద్ద చేపల నోట పడకుండా పెరిగేది అక్కడే. నీళ్లు దిగాక పశువులకు పచ్చగడ్డి దొరికేదీ అక్కడే. గుంటూరు పక్కన ఉప్పలపాడుకు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను చూసినవాళ్లకు తెలుస్తుంది: ఆ కొంగ ముక్కు తెరిచి నీళ్లలో ఆడిస్తూ, తగిలిన చేపను పట్టుకుంటుంది. దానికి అడుగు లోతు కూడా లేని నీళ్లు కావాలి. నిండుగా, లోతుగా, అంచులు చెక్కినట్టున్న చెరువు ఫొటోకు బాగుంటుంది కానీ ఆ కొంగకు అందులో పని లేదు.

రింగ్ బండ్ వేసినప్పుడు పోయేది సరిగ్గా ఈ పట్టీయే. లోపలి మట్టి తోడి గట్టు పోస్తారు కాబట్టి ఒడ్డు నుంచే లోతు మొదలవుతుంది. పైనుంచి వచ్చే వాగుకు, పంట కాలువకు దారి మూసుకుపోతుంది, మహా అయితే ఓ పైపు పెడతారు. అన్నిటికన్నా ముఖ్యంగా, గట్టుకు బయట మిగిలిన శిఖం భూమి ఎండిపోయి 'ఖాళీ జాగా'గా కనబడటం మొదలవుతుంది. ఆ తర్వాత అందులో ప్లాట్లు ఎలా పుడతాయో మీ విలేకరులకు నేను చెప్పనక్కర్లేదు.

గట్లు ఏం చేస్తాయో మనకు తెలియనిదా? కొల్లేరును మింగింది గట్లే కదా. లోతు లేని ఆ సరస్సులో గట్లు పోసి చేపల చెరువులుగా ముక్కలు చేశారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చినా అవి ఆగలేదు. చివరికి 2006లో ప్రభుత్వమే యంత్రాలు పెట్టి గట్లు తెంచాల్సి వచ్చింది. అంత పెద్ద సరస్సుకు, అంతర్జాతీయ గుర్తింపు ఉన్నదానికే ఆ గతి పడితే, పాతిక ముప్పై ఎకరాల ఊరి చెరువును ఎవరు పట్టించుకుంటారు?

చట్టం ఉంది కదా అంటారు. ఉంది, కానీ అందులో మన చెరువు జారిపోయే సందు కూడా ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నిబంధనలు ఆక్రమణలను, చెత్త పోయడాన్ని, శుద్ధి చేయని మురుగు వదలడాన్ని నిషేధించాయి. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు, పడవల రేవులు తప్ప, శాశ్వత కట్టడాలు కూడదన్నాయి. అయితే నిర్వచనం దగ్గరే తాగునీటికి, సాగునీటికి మనుషులు ప్రత్యేకంగా కట్టుకున్న చెరువులను పక్కన పెట్టేశాయి. తెలుగు నేల మీద చెరువులంటే ఎక్కువగా సాగుకోసం కట్టినవే. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పట్టణాల్లో ఇంకో విచిత్రం. ఆయకట్టంతా ఎప్పుడో కాలనీలైపోయి ఉంటుంది, తూము తెరిచి తడపడానికి ఎకరం పొలం ఉండదు. అయినా రికార్డులో అది సాగునీటి చెరువే. పొలానికి నీళ్లివ్వదు, పొలానికి నీళ్లిచ్చే చెరువు కాబట్టి చిత్తడి నేలా కాదు!

కోర్టులు ఇంతకన్నా విశాలంగానే చూశాయి. అడవులు, చెరువులు, కుంటలు, గుట్టలు ప్రకృతి ఇచ్చిన ఉమ్మడి సంపద అని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెరువు స్థలంలో కట్టిన ఇళ్లను క్రమబద్ధీకరించడం కుదరదంది. దేశంలో 2.25 హెక్టార్లకు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలకు, మించిన చిత్తడి నేలలు 2,31,195 ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలతో తయారైన అట్లాస్ లెక్క. వాటిని నేల మీద సరిచూసి హద్దులు తేల్చమని 2024 డిసెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది కూడా సుప్రీంకోర్టే. ఐదున్నర ఎకరాలకు తక్కువున్న కుంటలు ఆ లెక్కలోకే రావన్నది వేరే సంగతి. పెద్ద చెరువుకు నీళ్లు పంపేవి చాలాచోట్ల ఆ కుంటలే.

ఇక 2012లో ఉమ్మడి రాష్ట్రంలో భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, వచ్చాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని జాగా, వదలాలని అవి చెప్పాయి. నా మాట ఇదే: ట్రాక్ వేయాలంటే ఎఫ్‌టీఎల్‌కు బయట వేయండి. అక్కడ స్థలం ఆక్రమణలో ఉందంటే ముందు దాన్ని ఖాళీ చేయించండి. అది కష్టమని నాకూ తెలుసు. ఇళ్లున్న వైపు జనంతో గొడవ, నీళ్లున్న వైపు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ట్రాక్ లోపలికి జరిగేది అందుకే తప్ప ఇంజినీరింగ్ కారణంతో కాదు.

హద్దు తేలినంత మాత్రాన పని అయిపోదు, అసలు నిర్వహణ అక్కడే మొదలు. ఆ భూమి చూసేవాళ్లెవరు? భూమి రెవెన్యూది, కట్టా తూమూ నీటిపారుదల శాఖవి, చేపలు మత్స్య సహకార సంఘానివి, మురుగు మున్సిపాలిటీది, పిట్టలు అటవీ శాఖవి. ఎవరి ముక్క వాళ్లది, చెరువు మాత్రం ఎవరిదీ కాదు. వెనక నీరటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ వాగు ఎక్కడ పూడిందో అతనికి తెలిసేది. ఇవాళ పని పూర్తయ్యాక కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు, దీపాలు ఏడాది వెలుగుతాయి.

గుర్రపుడెక్క సంగతే చూడండి. ఏటా టెండరు పిలిచి తీయిస్తారు, ఏటా మళ్లీ కమ్మేస్తుంది. మురుగులోని ఎరువుతోనే అది బలుస్తుంది. మురుగు కాలువను మళ్లించకుండా డెక్క తీయించడమంటే దానికి మేత వేస్తూ కోయించడమే. సర్కారు తుమ్మ కథ ఇంకొంచెం చిక్కు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన ఆ విదేశీ చెట్టు ఇవాళ ఎండిన ప్రతి చెరువులోనూ ఉంది. దాన్ని తీసేయాలనే నేనూ అంటాను. కానీ ఉప్పలపాడులో గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టేది చెరువులోని తుమ్మల మీదే. గూళ్లున్న కాలంలో పొక్లెయిన్ దించితే జరిగేది శుభ్రత కాదు. ఏ చెట్టు తీయాలి, ఏ నెలలో తీయాలి, దాని చోట ఏం నాటాలి అన్నది చెరువును ఏడాది పొడవునా చూసే మనిషి చెప్పాలి, ఎస్టిమేట్ వేసే మనిషి కాదు. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో పిట్టల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని రైతులు ఎప్పుడో గుర్తించారు. అక్కడ గూడబాతులను ఎవరూ తరమరంటే ఆ లెక్క తెలిసే.

కాబట్టి మంజూరయ్యే సొమ్ములో దీపాలకూ పలకలకూ పెట్టే దాంట్లోంచి ఓ భాగం తీసి ఓ మనిషిని పెట్టమంటున్నాను. పేరు లష్కరు అనండి, చెరువు కాపరి అనండి. జీతం మున్సిపాలిటీ ఇవ్వాలి. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల్లో పర్యావరణ రక్షణ కూడా ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులోనే ఉంది.

మీ పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఎఫ్‌టీఎల్ అన్నది ఎవరో ఊహించి గీసే గీత కాదు, అలుగు మట్టమే దానికి ఆధారం. చెరువు నిండి అలుగు పారడం మొదలైన పూట నీళ్లు ఎగువన ఎందాకా ఎక్కాయో అదే ఎఫ్‌టీఎల్, సర్వేయర్ లేకపోయినా కంటికి కనిపిస్తుంది. ఈ వానాకాలంలో ఆ రోజు వచ్చినప్పుడు ఎవరి ఊళ్లో వాళ్లు చెరువు చుట్టూ నడిచి, నీటి అంచును తేదీతో, లొకేషన్‌తో సహా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఒక నకలు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మీరు జిల్లా పేజీలో ఓ మూల చోటిచ్చి ఆ ఫొటోలు అచ్చువేస్తే, తర్వాత వచ్చే సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లోని పటాన్ని పక్కన పెట్టి చూసుకోవడానికి ఊరికి ఓ ఆధారం దొరుకుతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు