మా 3 లక్షలు మాకే అక్కరకు రావట్లేదు

ఎడిటర్ గారికి నమస్తే. మీ పేపర్లో డ్వాక్రా గ్రూపుల ఫొటోలు తరచూ వేస్తుంటారు, పెద్ద అట్ట చెక్కు పట్టుకుని నాయకుల పక్కన మేం నిలబడి ఉంటాం, కింద ఇన్ని కోట్లు పంపిణీ అని రాసి ఉంటుంది. నేనూ ఒకసారి అలాంటి ఫొటోలో వెనక వరసలో ఉన్నాను, మొహం సగమే పడింది లెండి. కానీ ఆ చెక్కు బ్యాంకు ఇచ్చే అప్పు, మళ్ళీ మేం కట్టాల్సిందే. మేం నెలనెలా దాచుకునే సొంత డబ్బు ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు, పది మంది గ్రూపు, నేను రెండో లీడర్ని. 2009లో మొదలుపెట్టాం. మొదటి ఏడేళ్ళు నెలకి మనిషికి 100, ఆ తర్వాత తొమ్మిదేళ్ళు 200. లెక్కేస్తే ముందు 84 వేలు, తర్వాత 2 లక్షల 16 వేలు, అంతా కలిపి 3 లక్షలు. అంటే ఒక్కొక్కళ్ళవి 30 వేలు. అదంతా ఇప్పుడు బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో పడుకుని ఉంది.

పోయిన వానాకాలం మా గ్రూపులోనే ఒకామె భర్తకి రాత్రిపూట కడుపులో నొప్పి వచ్చి నెల్లూరు తీసుకెళ్ళాల్సొచ్చింది. చేతిలో డబ్బు లేదు, 8 వేలు కావాలి, ఎవరింట్లోనూ అంత లేదు, చివరికి వారం ఫైనాన్స్ వాళ్ళ దగ్గర తీసుకుంది. వాళ్ళు 10 వేలు అని రాసుకుని ఎనిమిదిన్నర చేతిలో పెట్టి వారానికి 1,000 చొప్పున పది వారాలు కట్టించుకున్నారు. ఆమె సొంత డబ్బు 30 వేలు బ్యాంకులో ఉండగా ఈ పని జరిగింది చూడండి, నాకు ఇప్పటికీ కడుపు మండిపోద్ది.

మేం బ్యాంకుకి పోకుండా ఏం లేదు. పోయి అడిగితే మీ మీద 8 లక్షల లోన్ ఉంది కదమ్మా, అది తీరేదాకా పొదుపు తియ్యడానికి లేదు అన్నారు. కానీ పది లక్షల లోపు లోన్లకి సంఘం పొదుపు ఖాతా మీద హోల్డ్ పెట్టకూడదు, అంటే డబ్బు తియ్యనివ్వకుండా ఆపకూడదు, డిపాజిట్ చెయ్యమని అడగకూడదు అని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకి రాసింది. ఊళ్ళో గ్రూపుల పుస్తకాలు చూసే మా వీవోఏ ఆ కాయితం ఫోన్‌లో చూపించింది. అది చూపిస్తే కౌంటర్లో ఉన్నాయన పై నుంచి మాకేం రాలేదన్నాడు. ఇక ఏం మాట్లాడతాం, మళ్ళీ లోన్ కోసం అక్కడికే పోవాలి కదా.

మా అత్త వాళ్ళ కాలం ఇలా లేదు. 1992లో దూబగుంటలో సారా మీద ఆడోళ్ళు తిరగబడ్డాక మా జిల్లాలో పొదుపు మొదలయింది, రోజుకో రూపాయి లెక్కన. వాళ్ళు ఆ డబ్బు వాళ్ళల్లో వాళ్ళే తిప్పుకునేవాళ్ళంట, ఒకామెకి గేదె కోసం, ఇంకొకామెకి పిల్ల పుస్తకాలకి. మా అత్తకి చదువు రాదు కానీ ఎవరికెంత ఇచ్చారో ఇప్పటికీ నోటితో చెప్తుంది. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, చేబదులు అనే మాట ఉండనే ఉందిగా. సోలెడు బియ్యం, గిద్దెడు నూనె ఇచ్చిపుచ్చుకోవడం, ఇవాళ మీ చేలో నాటుకి నేనొస్తా రేపు మా చేలోకి నువ్వు రా అనుకోవడం, వీటికి కాయితం రాసుకున్నోళ్ళు ఎవరూ లేరు.

మేమూ 2018 దాకా అలాగే నడిపాం. రూపాయి వడ్డీకి మాలో మేమే ఇచ్చుకునేవాళ్ళం, ఆ వడ్డీ డబ్బు పోగై 40 వేలయితే దాంతో గుండిగలు, గరిటెలు, జంపఖానాలు, కుర్చీలు కొన్నాం. గ్రూపులో వాళ్ళకి ఊరికే, బయటోళ్ళకి బాడుగ. ఒకసారి ఒక గుండిగ అడుగున చిల్లు పడి తిరిగొచ్చింది, ఎవరు చేశారో తేలక మీటింగులో రెండు గంటలు అరుచుకున్నాం, చివరికి తలా కొంచెం వేసి మాట్లు వేయించాం. ఇప్పటికీ ఊళ్ళో పెళ్ళయినా చావయినా ఆ సామానే పోద్ది. ఆ తర్వాత బ్యాంకు లోన్ పెద్దదైంది, తిప్పుకోవడం ఆగిపోయింది.

లెక్క కూడా చెప్తా. 3 లక్షలు రూపాయి వడ్డీకి మాలోనే తిరిగితే ఏడాదికి 36 వేలు మా గ్రూపుకే వస్తాయి. బ్యాంకులో ఉంటే 9 వేలు కూడా రావు. ట్రైనింగుల్లో పంచసూత్రాలు అని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, టైముకి కట్టడం, పుస్తకాలు రాయడం అని చెప్తారు, అందులో మూడోది చెయ్యనివ్వకుండా మిగతా నాలుగిటికి మార్కులు వేస్తే ఏం లాభం?

అన్నీ బ్యాంకు మీదే వెయ్యను, మాలోనూ తప్పులున్నాయి. పక్క వీధి గ్రూపులో లీడరే 40 వేలు వాడుకుని పుస్తకంలో రాయలేదు, ఆ భయంతోనే చాలామంది డబ్బు బ్యాంకులో ఉంటేనే మేలు అంటారు. తప్పేం కాదు. కానీ అందుకు పుస్తకం సరిగ్గా రాయాలి, నెలనెలా అందరి ముందు చదవాలి, అంతేగాని డబ్బుకి తాళం వేసుకుంటామా. 3 లక్షలూ తియ్యమని కూడా మేం అడగట్లేదు, ఒక లక్ష తిప్పుకోనివ్వండి చాలు, రాత్రిపూట ఎవరికైనా 8 వేలు కావాల్సొస్తే ఫైనాన్స్ వాళ్ళ గడప తొక్కక్కర్లేకుండా.

ఈ ఉత్తరం వేస్తే మాలాగా ఖాతా మీద హోల్డ్ ఉన్న గ్రూపులు ఎన్ని ఉన్నాయో మీ రిపోర్టర్ని ఒకసారి మండలంలో కనుక్కోమనండి. డ్వాక్రా గ్రూపుల్ని చూసే వెలుగు ఆఫీసు వాళ్ళు కూడా చదువుతారు మీ పేపర్ని. మా ఊరి పేరు మాత్రం వెయ్యకండి, వచ్చే నెల్లో మా లోన్ రెన్యూవల్ ఉంది.

ఇట్లు
డ్వాక్రా గ్రూపు రెండో లీడర్, నెల్లూరు జిల్లా