2024–25 వార్షిక నివేదిక: బుడమేరు వరద, మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదివి తీరాలని బైలాలో ఉంది కాబట్టి చదువుతున్నాను. మామూలు ఏడాదైతే వీధిదీపాలు, కుక్కల బెడద, కార్తీక వనభోజనాలు అంటూ రెండు పేజీల్లో తేల్చేసేవాణ్ణి. ఈసారి ఆ రెండు పేజీలనూ మన విజయవాడ వాగు బుడమేరు మింగేసింది. సంఘం ఆశయాలు మీకు కంఠతా వచ్చినవే, మళ్లీ ఏకరువు పెట్టను.

ముందు కృతజ్ఞతలు. చివర్లో చెబితే అప్పటికి సగంమంది లేచి వెళ్లిపోతారు. తొమ్మిది రోజులు తన మూడో అంతస్తు డాబాను సంఘం ఆఫీసుగా ఇచ్చిన ఉపాధ్యక్షుడు గారికి, ఇన్వర్టరు మీద ఫ్యాన్ ఆపేసి కాలనీ మొత్తానికి ఫోన్లు చార్జింగ్ పెట్టిన వారి శ్రీమతి గారికి, నడుంలోతు నీళ్లలో పాలక్యాన్లు తోసుకుంటూ తిరిగిన రెండో లైను పాలషాపు సోదరులకు, మందుల చీటీలన్నీ ఫొటోలు తీసి పంపిన నర్సమ్మ గారికి, గుడి మెట్ల మీద వంట పెట్టిన మహిళా విభాగానికి, ఆ వంటకు గ్యాస్ బండలు ఇచ్చి ఇప్పటికీ డబ్బులు అడగని టిఫిన్ సెంటర్ యజమానికి సంఘం రుణపడి ఉంది. పేర్లు రాయవద్దని వాళ్లలో ముగ్గురు పట్టుబట్టారు కాబట్టి ఎవరి పేరూ రాయలేదు.

ఇక జరిగింది. ఆగస్టు 31 శనివారం పగలూ రాత్రీ వాన. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారేసరికి నీళ్లు వచ్చేశాయి. రోడ్డు మీద నుంచి వస్తాయని మనం గేట్ల దగ్గర గోతాలు పేర్చుకుంటుంటే, అవి వెనకనుంచి, బాత్రూం తూముల్లోంచి పైకి తన్నాయి. మధ్యాహ్నానికి కింది ఇళ్లలో కిటికీలు కూడా కనబడలేదు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బుడమేరు నీటిని మళ్లింపు కాలువలోకి మలిపి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపాలి. ఆ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా నిండుగా ఉంది. 2వ తేదీన బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, 2009 నాటి రికార్డు కూడా దాటిపోయింది. పోవడానికి దారిలేని నీళ్లు పాత తోవ పట్టుకుని మన మీదికి వచ్చాయి. 2005లో వరద చూసిన పెద్దవాళ్లు అప్పటి గుర్తు ఇదీ అని గోడ మీద చూపించేవారు. ఇప్పుడా గుర్తు రెండు మూరల కిందకు పోయింది.

సాయం రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కేంద్ర విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది, రాష్ట్ర దళం ఎస్డీఆర్ఎఫ్ వచ్చింది, నేవీ హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. మునిగిన డివిజన్లకు ఐఏఎస్ అధికారులను పంపారు. గండ్ల దగ్గరికి సైన్యం దిగింది. వచ్చినవాళ్లకు కొదవ లేదు. చిక్కల్లా పక్కవాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియకపోవడమే.

ఒక్క ఉదాహరణ చెబుతాను, మిగతావి మీరే ఊహించుకోండి. 2వ తేదీ పొద్దున బోటు మన మూడో లైను మొదట్లో ఆగిపోయింది. వేలాడుతున్న తీగల్లో కరెంటు లేదని ఎవరైనా ఖాయంగా చెబితేగాని లోపలికి రామన్నారు. సబబే. కరెంటు వాళ్లకు ఫోన్ చేస్తే, ట్రాన్స్‌ఫార్మర్ దాకా రావడానికి మాకు బోటు కావాలన్నారు. అదీ సబబే. ఒకరి కోసం ఒకరు నాలుగు గంటలు ఎదురుచూశారు. ఆ నాలుగు గంటలూ ఐదో లైనులో డయాలసిస్ పెద్దాయన డాబా మీద గొడుగు కింద కూర్చున్నారు. చివరకు మన కోశాధికారి గారు కరెంటు లైన్‌మ్యాన్‌కూ బోటు నడిపే జవానుకూ ఒకే కాల్‌లో మాట కలిపారు. ఒకాయనది తెలుగు, ఒకాయనది హిందీ, మధ్యలో మన కోశాధికారి గారి రైల్వే హిందీ. "బిజిలీ బంద్, పక్కా బంద్" అని ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ పిల్లలు అనుకరిస్తున్నారు. పెద్దాయన సాయంత్రానికి ఆసుపత్రికి చేరారు, ఇవాళ మొదటి వరసలో కూర్చున్నారు.

ఆ రాత్రే అట్ట నోటుబుక్కు మొదలైంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన జవానుకు మన లైన్ల బోర్డులు నీళ్లలో ఉంటే ఏ ఇల్లు ఏదో ఎలా తెలుస్తుంది? లైను వారీగా, డాబా వారీగా ఎవరెవరున్నారు, ఎవరికి ఏ జబ్బు, ఎవరు నిండు గర్భిణి, ఎవరింట పసిపిల్లలున్నారు, అన్నీ రాశాం. బోటు వాళ్లకు చదువుకునే తీరిక ఉండదు గనక డాబా పిట్టగోడ మీద చీర కట్టమన్నాం. ఎర్రచీర అంటే ముందు తీసుకెళ్లాల్సినవాళ్లు, పసుపు అంటే పాలు, మందులు. మొదటిరోజు ఒకావిడ మంచి పట్టుచీరే కట్టేసింది, ఎర్రది ఇంకోటి లేదట. మర్నాటి నుంచి బోటు వాళ్లు ఫ్లైఓవర్ దిగగానే మన మనిషిని ఎక్కించుకుని నోటుబుక్కు తీసుకుని మరీ వచ్చారు. పాలకవరులో చుట్టి దాచిన ఆ పుస్తకం ఇవాళ బల్ల మీద ఉంది, చూడొచ్చు. దయచేసి పేజీలు చింపకండి.

ఆహారం సంగతీ అంతే. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర లారీ దిగిన ప్రతి బృందమూ మొదటి లైనుకే ఇచ్చింది. మొదటి లైనువాళ్లు పులిహోర తినలేక పక్కన పెట్టారు, ఆఖరి లైనుకు రెండు రోజులు బిస్కెట్ ముక్క చేరలేదు. ఇచ్చినవాళ్లది తప్పనలేం, వాళ్లకు కనబడ్డ మొదటి డాబా అది. ఏ లైనుకు ఎవరిచ్చారో ఫ్లైఓవర్ దగ్గర ఒక్క బోర్డు మీద రాసి ఉంటే సరిపోయేది. 4వ తేదీ నుంచి ఆ పని మన కుర్రాళ్లే చేశారు, అట్టపెట్టె మీద స్కెచ్‌పెన్నుతో.

గండ్లు 7వ తేదీన, సరిగ్గా వినాయక చవితి నాడు పూడాయి. ఆ సంవత్సరం మనకు పందిరి లేదు, ఉండ్రాళ్లు లేవు. తర్వాత బురద పని. ఇళ్లు కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి, బాగా కడిగారు. బురద ఎత్తాల్సినవాళ్లు మాత్రం రెండు రోజుల తర్వాత వచ్చారు. ఈలోగా వాన పడి ఆ బురదే మళ్లీ ఇళ్లలోకి నడిచింది. ఏ శాఖ అన్నది ఇక్కడ రాయను. ఆ అధికారులు ఏడాది పొడుగునా మనకు కావాలి. నష్టం నమోదుకు వార్డు సచివాలయం సిబ్బంది వచ్చినప్పుడు మన నోటుబుక్కే మళ్లీ పనికొచ్చింది. కింది అంతస్తుకు 25 వేలు, పైవాటికి 10 వేలు అన్నప్పుడు ఓనరుకా, అద్దెకున్నవాళ్లకా అనే పేచీ మన దగ్గర రాలేదు. ఆ రాత్రి ఏ డాబా మీద ఎవరున్నారో పుస్తకంలో ఉంది కదా.

ఇక ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం. ఫిబ్రవరి మూడో శనివారం మన కమ్యూనిటీ హాల్లో రెవెన్యూ, మున్సిపల్, జలవనరులు, పోలీసు, అగ్నిమాపక, విద్యుత్, ఆరోగ్యం, పౌరసరఫరాలు, ఇన్ని శాఖలవాళ్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాం. దీని కోసం నేను తిరిగిన ఆఫీసు మెట్లు లెక్కపెడితే కొండపల్లి కోట ఎక్కి దిగినట్టే. ఇద్దరు అధికారులు తమ బదులు గుమస్తాలను పంపారు. వాళ్లలో ఒకాయన టిఫిన్ అవగానే "ఇంకో మీటింగ్ ఉంది" అని లేచారు. ఉప్మాలో జీడిపప్పు వేయించినందుకు బాధపడ్డాను.

మేం అడిగింది ఒకటే ప్రశ్న: వెలగలేరు దగ్గర నీరు పెరిగిందని మాకు ఎవరు, ఏ నంబరు నుంచి, ఎన్ని గంటల ముందు చెబుతారు? బల్ల చుట్టూ అందరూ పక్కవాళ్ల వంక చూశారు. ఆ నిశ్శబ్దం కాసేపు అలాగే ఉంది. అప్పుడు రెవెన్యూ నుంచి వచ్చిన అమ్మాయి, వయసులో అందరికంటే చిన్న, లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని, ఘటన జరిగిన చోట ఒకే కమాండరు ఉండి మిగతా శాఖలన్నీ ఆయన కింద పనిచేయాలని అందులో ఉందని చెప్పి, మన కాలనీ వరకు గొలుసు గీసింది. ఎవరు ఎవరికి చెప్పాలి, కరెంటు ఆపేశారని ఎవరు రూఢి చేయాలి, బోటుకు దారి ఎవరు చూపాలి అన్నీ అందులో ఉన్నాయి. ఆఖరి గడిలో "సంఘం ప్రతినిధి" అని రాసింది. ఆ గడి కోసమే ఈ తిరుగుడంతా. ఆ కాగితం ల్యామినేషన్ చేయించి ప్రతి లైను మొదట్లో కట్టాం. ఇంకా రెండు శాఖల సంతకాలు రావాలి. ఫైలు "పై వారి దగ్గర" ఉందట.

విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో వచ్చిన సవరణతో కార్పొరేషన్ నగరాలకు కమిషనర్ అధ్యక్షతన, కలెక్టర్ ఉపాధ్యక్షతన ప్రత్యేక సంస్థ పెట్టే వీలు కలిగింది. మన నగరానికి త్వరగా వేయమని, అందులో కాలనీ సంఘాలకు చోటివ్వమని అర్జీ తయారైంది. సంతకాలు పెట్టి వెళ్లండి.

లెక్కలు: చందాలు, వరద విరాళాలు, ఖర్చులు ఆడిటరు గారి సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. జనరేటరు డీజిలుకు బిల్లు లేని మొత్తం నా సొంతంలో వేసుకున్నాను. ఇంకేమైనా అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను కాదు.

చెప్పక తప్పని మాట ఒకటుంది. వరద తర్వాత వాలంటీర్లుగా పేరు రాయించుకున్నవారు 31 మంది. మార్చిలో తాడు కట్టడం, బోటు ఎక్కించడం నేర్పడానికి అగ్నిమాపక సిబ్బంది ఆదివారం సెలవు మానుకుని వస్తే, మనవాళ్లు హాజరైంది ఏడుగురు. అందులో ఇద్దరు అరవై దాటినవారు, ఒకరు నా అల్లుడు. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉందన్న సంగతి నాకూ తెలుసు. వాట్సాప్ గ్రూపులో "మేమున్నాం" అని చేతులెత్తే బొమ్మలు పెట్టడానికి ఎవరికీ మ్యాచ్ అడ్డు రాలేదు. ఈసారి పేరు రాయించే ముందు ఆలోచించి రాయించండి.

వచ్చే శిక్షణ జూన్‌లో, వానలకు ముందు. తేదీ బోర్డులో పెడతాం. దాత ఒకరు సంఘానికి ఆరు లైఫ్ జాకెట్లు ఇచ్చారు, స్టోర్ గదిలో నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ ఎవరింట్లో ఉన్నాయో వాళ్లకు తెలుసు. ఏమీ అనను, రాత్రిపూట గది తలుపు దగ్గర పెట్టి వెళ్లినా చాలు.

ఇట్లు
కార్యదర్శి