‘కొత్త పడవ కిట్’ ఇక మా దుకాణంలో దొరకదు

కస్టమర్లకు నమస్కారం.

ఈ నెలతో ‘కొత్త పడవ కిట్’ అమ్మకం ఆపేస్తున్నాం. మొదటిసారి చిన్న మోటారు పడవ కొన్నవారికి లంగరు, లైట్లు, పంపు, హారన్, తాళ్లు, స్పీకర్లు, ఎల్‌ఈడీ పట్టీలు, చివరికి టీ కప్పు నిలిపే స్టాండు కూడా ఒకే పెట్టెలో సర్ది ఇచ్చే పద్ధతి అది. కిట్ ఉందా అని ఫోన్లు ఇంకా వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే కారణం ఇక్కడే రాయడం మేలనిపించింది.

వ్యాపారం లెక్కలో చూస్తే కిట్ మాకు లాభసాటి సరుకు. ఒకటే బేరం, ఒకటే బిల్లు. అరల్లో కదలకుండా కూర్చున్న వస్తువులు కూడా దానితో పాటే వెళ్లిపోతాయి. స్పీకర్లు, రంగు లైట్ల మీద మిగిలే డబ్బు ఫ్యూజులు, క్లిప్పులు, తీగ మీద మిగలదు. అయినా ఆపుతున్నాం, ఎందుకంటే పడవలన్నీ ఒకటి కావు. భీమిలి దగ్గర గోస్తనీ ముఖద్వారంలో తిరిగే పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవకు కావలసినవి వేరు. రుషికొండ వైపు సముద్రంలోకి వెళ్లే పద్దెనిమిది అడుగుల పడవకు వేరు. మంచినీటి జలాశయంలో ఉండే పడవకు ఇంకా వేరు. అందరికీ ఒకే పెట్టె ఇస్తే ఒకరి దగ్గర సగం సామాను ఊరికే పడి ఉంటుంది, మరొకరికి ముఖ్యమైనదే తక్కువ పడుతుంది.

ఇకనుంచి పడవను గాని, కనీసం దాని ఫొటోలు, కొలతలు గాని చూసి మొదటి జాబితా రాసిస్తాం. అందులో ప్రాణం నిలిపేవి, ఒడ్డుకు చేర్చేవి మాత్రమే ఉంటాయి. వాటితో కొంతకాలం నీటి మీద తిరగండి. ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో మీకే తెలుస్తుంది. రెండో జాబితా అప్పుడు. నీటి కింద చేపలను చూపే ఫిష్ ఫైండర్, స్పీకర్లు, గుడ్డ పైకప్పు అన్నీ అందులోకే వెళ్తాయి.

బరువు సంగతి కూడా చూడాలి. పెద్ద బ్యాటరీ ఒకటి ఇరవై కిలోలు దాటుతుంది. పాతిక లీటర్ల పెట్రోలు సుమారు పద్దెనిమిది కిలోలు. లంగరు, గొలుసు, మంటలార్పే సిలిండరు, ఐసు పెట్టె కలిపితే మీరు ఇంకొక మనిషిని ఎక్కించుకున్నట్టే. పైగా కొత్తవారు ఇవన్నీ ఇంజన్ దగ్గరే సర్దుతారు. వెనుక భాగం దిగి, ముందు భాగం లేచి, నడిపేవారికి ఎదురుగా ఏముందో కనిపించదు. పడవ తయారీదారు రాసిన మోత పరిమితిలో సామాను బరువు కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి.

లైఫ్ జాకెట్ల విషయంలో మా నియమం మారింది. ఎక్కబోయే వారందరి బరువులు చెప్పనిదే అమ్మం. పిల్లలకు ‘పెద్దయ్యాక కూడా పనికొస్తుంది’ అని పెద్ద కొలత కొనే అలవాటు స్కూలు యూనిఫారాల్లో సరే, ఇక్కడ కాదు. వదులు జాకెట్ నీటిలో పడగానే తల మీదుగా జారిపోతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ పిల్లల జాకెట్‌కు ఉండి తీరాలి. జాకెట్ నీటిలో ఎంత బలంగా తేలుస్తుందో చెప్పే అంకె ఒకటి దాని మీద న్యూటన్లలో ఉంటుంది. 50 న్యూటన్ల రకం ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గర మాత్రమే. సముద్రంలోకి వెళ్లేవారు మెడ వెనుక కాలరు ఉన్న 150 న్యూటన్ల రకం తీసుకోండి. స్పృహ తప్పినా ముఖాన్ని పైకి తిప్పేలా దాన్ని తయారు చేస్తారు. కొని సీటు కింద పెట్టెలో పెట్టి తాళం వేసే పెద్దమనుషులూ ఉన్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

లంగరు అడిగితే ముందు మేం అడిగేది తాడు సంగతి. పడవను నిలిపేది లంగరు బరువు కాదు, అది నేలలో గుచ్చుకున్న తీరు. తాడు పొట్టిగా ఉంటే లాగుడు పైకి పడి లంగరు ఊడి వస్తుంది. పొడవుగా వదిలితే లాగుడు అడ్డంగా పడి ఇంకా లోపలికి దిగుతుంది. నీటి లోతు అయిదు మీటర్లు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు అనుకుంటే మొత్తం ఆరు. దానికి ఏడు రెట్లు, అంటే నలభై రెండు మీటర్లు వదలాలి. లంగరుకు, తాడుకు మధ్య రెండు మూడు మీటర్ల గొలుసు వేస్తే పట్టు ఇంకా బాగుంటుంది. ఇసుక నేలలో రెండు పలకల లంగరు బాగా దిగుతుంది. యారాడ వైపు, డాల్ఫిన్స్ నోస్ కింద రాళ్ల దగ్గర మన మత్స్యకారులు వాడే గాలపు కొక్కేల లంగరే నయం. పుట్టగొడుగు ఆకారంలో ముద్దుగా కనిపించేది చెరువుల్లో పనికొస్తుంది, సముద్రానికి అడిగితే ఇవ్వం. ఇంకొక మాట. లంగరు తాడు ఎప్పుడూ ముక్కుకే కట్టాలి. వెనుక ఇంజన్ ఉన్నచోట గోడ ఎత్తు తక్కువ. అటు కడితే అల నేరుగా లోపలికి వస్తుంది.

నీళ్లు తోడే బిల్జ్ పంపు గురించి పెట్టె మీది అంకెలు చూసి మోసపోవద్దు. గంటకు 500 గ్యాలన్లు అంటే సుమారు 1,900 లీటర్లు. కానీ ఆ లెక్క పైపు లేకుండా, ఎత్తు లేకుండా, పూర్తి వోల్టేజీతో కట్టింది. మీ పడవలో అది మీటరు ఎత్తుకు, మెలికల గొట్టంలోంచి తోడాలి. మూడో వంతు పోయిందనే అనుకోండి. ఇప్పుడు అటువైపు చూడండి. నీటి మట్టానికి అడుగు కింద ఒక్క అంగుళం రంధ్రం పడితే నిమిషానికి నలభై లీటర్లకు పైగా లోపలికి వస్తుంది. పంపు తోడేది ఇరవై చిల్లర. అంటే పంపు ఉన్నది వాన నీటికి, అల చిమ్మిన నీటికి. రంధ్రానికి మందు కొయ్య బిరడా. వేర్వేరు కొలతల బిరడాలు, వాటిని దిగగొట్టడానికి చిన్న సుత్తి, తాడు కట్టిన ఒక బకెట్టు మొదటి జాబితాలో తప్పకుండా రాస్తాం. వీటి మీద మాకు మిగిలేది దాదాపు ఏమీ లేదు.

ఇక కరెంటు పని. మరమ్మతుకు వచ్చే పడవల్లో ఎక్కువ గొడవ ఇక్కడే కనిపిస్తుంది. ఇంటికి వాడే రాగి తీగ తెచ్చి, కొసలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పని అయిందంటారు. ఉప్పు గాలికి ఆ రాగి లోపలే ఆకుపచ్చగా మారి పొడి అవుతుంది. పైకి మాత్రం తీగ బాగానే కనిపిస్తుంది. పడవలకు తగరం పూత ఉన్న సన్నని పోగుల తీగే వాడాలి. లావు ఎంత ఉండాలో లెక్క కట్టేటప్పుడు బ్యాటరీ నుంచి లైటు దాకా ఒకవైపు దూరం కొలిస్తే చాలదు, తిరిగి వచ్చే దూరం కూడా కలపాలి. మొదటి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొసకు జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది మీ స్పీకరును కాదు, తీగను. మధ్యలో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి షార్టు అయితే, దూరంగా పెట్టిన ఫ్యూజు వల్ల ఉపయోగం ఉండదు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో మరపడవలు కాలిపోయాయి. ఆ రాత్రిని చూసిన ఊరికి మంటలార్పే సిలిండరు ఎందుకో చెప్పనక్కరలేదు. ఎక్కడ బిగించాలో మాత్రం చెబుతాను. ఇంజన్ పక్కన కాదు. మంట వస్తే మీరు ఎటు పరుగెత్తుతారో అటు.

ఫైబర్‌కు రంధ్రం పెట్టే పని ఇంట్లో డ్రిల్లు ఉంది కదా అని మొదలుపెట్టకండి. చాలా పడవల్లో ఫైబర్ పొరల మధ్య చెక్క ఉంటుంది. నీరు చొరకుండా పూసే సీలెంట్ సరిగా పెట్టని ఒక్క స్క్రూ రంధ్రం చాలు, నీరు చేరి లోపల చెక్క మెత్తబడుతుంది. బాత్రూముల్లో వాడే సిలికాన్ ఇక్కడ వద్దు, పడవలకని అమ్మే పాలీయురేథేన్ రకం తీసుకోండి. తాడు కట్టే క్లీట్ల వెనుక లోపలివైపు లోహపు పలక వేయాలి. లేకపోతే గట్టిగా లాగిన రోజున క్లీటు ఫైబర్ ముక్కతో సహా ఊడి చేతికి వస్తుంది. ఫిష్ ఫైండర్ సెన్సారుకు మేం పాటించే పద్ధతి ఒకటి ఉంది. వెనుక గోడకు ఒక ప్లాస్టిక్ పలక అతికించి, స్క్రూలన్నీ ఆ పలకకే బిగిస్తాం. రేపు సెన్సారు మార్చినా పడవకు కొత్త రంధ్రం పడదు.

స్టీలు కొనేటప్పుడు జేబులోంచి అయస్కాంతం తీసి పరీక్షించేవారిని రోజూ చూస్తాం. 304 రకానికీ 316 రకానికీ మామూలుగా అయస్కాంతం అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో రెండింటి తేడా తేలదు. ఉప్పు నీటికి 316 కావాలి, ధర ఎక్కువ. 304 కొంటే త్వరలోనే గోధుమరంగు మరకలు వస్తాయి. రెండూ మా దగ్గర ఉన్నాయి. బిల్లు మీద ఏ రకమో రాసి ఇస్తాం, బయట కొన్నా రాయించుకోండి. ఇంజన్ తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే ఆనోడ్ ముక్క విషయంలోనూ నీటిని బట్టే ఎంపిక: సముద్రానికి జింక్ లేదా అల్యూమినియం, మంచినీటికి మెగ్నీషియం, గోస్తనీ ముఖద్వారం లాంటి కలగలుపు నీటికి అల్యూమినియం. దాని మీద రంగు వేస్తే అది పనిచేయదు.

రాత్రి దీపాలు: ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, అన్ని వైపులా కనిపించే తెలుపు ఒకటి. పన్నెండు మీటర్లలోపు పడవకు ఈ అమరిక సరిపోతుంది. తెల్ల దీపం నడిపేవారి తల కన్నా, పైకప్పు కన్నా ఎత్తులో ఉండాలి. ముక్కు చుట్టూ నీలం, ఎరుపు ఎల్‌ఈడీ పట్టీలు బిగించమని అడిగితే ఇక మేం బిగించం. అసలు దీపాలేవో కొసరు దీపాలేవో తెలియకుండా చేసే వెలుగు పెట్టకూడదని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. తెల్లవారుజామున వేటకు వెళ్లే మరపడవలు, బయట లంగరేసిన పెద్ద ఓడలు ఉండే సముద్రం మనది.

పెట్రోలు గురించి ఈ మధ్య ప్రశ్నలు పెరిగాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పడవ వెనుక బయటివైపు బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ల పుస్తకాలు చాలావాటిలో 10 శాతం దాటవద్దని ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది, ఇంజన్‌కు గొట్టం వెళ్లేదీ అడుగు నుంచే. మన తీరంలో తేమకు కొదవ లేదు. అందుకే నీటిని వేరుచేసే ఫిల్టరును రెండో జాబితా నుంచి మొదటి జాబితాలోకి తెచ్చాం. వారాల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి. మీ ఇంజన్‌కు ఏది సరిపోతుందో తయారీదారు పుస్తకంలో చూసుకోండి. దానికి పూచీ మేం ఇవ్వలేం.

నడిపేవారు నీటిలో పడితే ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ తాడు వారి మణికట్టుకో జాకెట్‌కో ఉండాలి. సముద్రంలో మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోకు లైసెన్సు కావాలి, ఆ కాగితం చూపితేనే అమ్ముతాం. ఆపదలో పిలిచే ఛానల్ 16. కోస్ట్ గార్డ్ నంబరు 1554ను ఫోనులో పెట్టుకోండి, కానీ ఒడ్డు దూరమైన కొద్దీ సిగ్నల్ పోతుంది కనుక ఫోను ఒక్కటే నమ్ముకోకండి. చేతి తెడ్లు రెండు ఉండాలి. పడవ రిజిస్ట్రేషన్, అనుమతుల పని మేం చేయం, చేయిస్తామని ఎవరైనా మా పేరు చెబితే నమ్మవద్దు. నౌకాదళం, ఓడరేవు ఉన్న ఊరు ఇది. పడవను ఎక్కడ నీటిలోకి దించవచ్చో తెలుసుకున్నాకే సామాను కొనండి.

పని తేదీల గురించి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే మత్స్యకారులు పడవలు ఒడ్డుకు లాగి మరమ్మతులు చేయించుకుంటారు. అప్పుడు మా మేస్త్రీలందరూ వారి పనిలోనే ఉంటారు. వారికి అది ఏడాది బతుకు, మీకు ఆదివారం సరదా. కోపం తెచ్చుకోకండి. సరదా పడవల బిగింపు పని సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తీసుకుంటాం. అక్టోబరు, నవంబరు తుఫానుల రోజులు, పడవ ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు మీ పడవ సిద్ధంగా ఉంటుంది.

కిట్‌కు ముందే డబ్బు కట్టినవారు రసీదు తెస్తే పూర్తిగా తిరిగి ఇస్తాం, లేదా మొదటి జాబితాలోని సామాను తీసుకోవచ్చు. జాబితా రాసినందుకు రుసుము లేదు, సామాను మా దగ్గరే కొనాలనే షరతూ లేదు. లైఫ్ జాకెట్లు, ఒకసారి బిగించిన కరెంటు సామాను మాత్రం వాపసు తీసుకోం. ఫొటోలు పంపేవారు వెనుక గోడ లోపలివైపు, బ్యాటరీ ఉన్న చోటు, ఇంజన్ మీది నంబరు పలక స్పష్టంగా కనిపించేలా తీయండి. పడవ పక్కన మీరు నిలబడి తీయించుకున్న ఫొటో బాగుంటుంది గానీ, దాని మీద జాబితా రాయలేం.