ఖోఖో స్తంభాలు గట్టిగా పాతండి

సంపాదకునికి,

నల్లగొండ జిల్లా ఉన్నత పాఠశాలల్లో మండల పోటీలు దగ్గర పడ్డాకే ఖోఖో కోర్టు గుర్తొస్తోంది. కోర్టు రెండు కొసలా స్తంభాలుగా హడావుడిగా నాటిన ఇనుప పైపులు పిల్లల చెయ్యి పడగానే ఊగిపోతున్నాయి. తరిమేవాళ్లు మలుపు తిరిగేదే ఆ స్తంభం పట్టుకుని కదా! నేలపైన 120–125 సెంటీమీటర్లుండే నున్నటి కర్ర స్తంభం కావాలి. రెండడుగుల లోతు గుంటలో నిలబెట్టి, కంకర పోసి, దిమ్మిసతో కొట్టాలి. పైకొన అంచు గుండ్రంగా చెక్కాలి, లేకుంటే అరచేతులు కోసుకుపోతాయి.

మన చెలక నేలలో వాన వెలిశాక గులకరాళ్లు పైకి తేలతాయి, మోకాళ్లు చీరుకుపోయేది వాటివల్లే. ఏరేసి, సాయంత్రం నీళ్లు చల్లి, తెల్లారి రోలర్ తిప్పాలి. గీతలకు సున్నం మాత్రం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం, ముగ్గుపిండి చాలు.

సమగ్ర శిక్ష క్రీడా నిధిలో తొలి ఖర్చు ఈ రెండు స్తంభాలకే పెట్టాలని ప్రధానోపాధ్యాయులకు మనవి.

— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, దేవరకొండ