చిత్రకారిణుల మ్యూజియం: బొమ్మ కింద పేరు ఏదీ?

సంపాదకులు గారికి,

నమస్కారములు. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు వాషింగ్టన్‌లో ఏమేమి చూడాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పన్నెండు రోజులైంది. అందులో స్త్రీల కళాకృతులకే అంకితమైన నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్ గురించి రాసినవి నాలుగు వాక్యాలు, వాటిలో తప్పులు మూడు. ఎవరో ఒకరు ఎత్తి చూపుతారనీ, మరుసటి ఆదివారం మీరే సవరణ వేస్తారనీ ఎదురుచూశాను. వేయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరుగా పనిచేసి, ప్రస్తుతం వర్జీనియాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ, ఆ మ్యూజియానికి మూడుసార్లు వెళ్లి వచ్చిన నేను ఇక రాయక తప్పడం లేదు.

మొదటి తప్పు, అది అమెరికా ప్రభుత్వ మ్యూజియంలను నడిపే స్మిత్‌సోనియన్ సంస్థకు చెందినదనీ, ప్రవేశం ఉచితమనీ రాయడం. అది ప్రభుత్వానిది కాదు, విరాళాలతోనూ సభ్యుల చందాలతోనూ నడిచే స్వతంత్ర సంస్థ. పెద్దలు టికెట్టు కొనాలి, నెలలో మొదటి ఆదివారం లాంటి కొన్ని రోజుల్లో మాత్రం ఉచితం. మీ రచయిత బహుశా స్మిత్‌సోనియన్ వారి మహిళా చరిత్ర మ్యూజియంతో దీన్ని కలిపేసి ఉంటారు. ఆ రెండో మ్యూజియానికి అమెరికా కాంగ్రెసు 2020 డిసెంబరులో చట్టం చేసింది కానీ దానికి ఇప్పటికీ సొంత భవనం లేదు. చట్టం చేసి చప్పట్లు కొట్టించుకున్న నాయకులు స్థలం చూపించడానికి ఇన్నేళ్లు తీసుకోవడం అక్కడైనా ఇక్కడైనా ఒకే తీరుగా ఉంది. మీ వ్యాసం నమ్మి మా అపార్ట్‌మెంటులోని పెద్దాయన, ఆయన భార్య మెట్రో ఎక్కి వెళ్లారు. టికెట్టు అడిగేసరికి, పొరపాటు చోటుకు వచ్చామేమోనని గుమ్మంలోంచే తిరిగి వచ్చేశారు. ఆమె మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడిచింది. మీరు పంపిన దారిలోనే కదా నడిచింది!

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. దాన్ని ‘లేడీస్ మ్యూజియం’ అని, ‘ఈ కాలంలో ఆడవాళ్లకు వేరే మ్యూజియం అవసరమా’ అని ఒక ప్రశ్న వేసి వదిలేశారు. ప్రశ్న వేసినవారు జవాబు కోసం ఒక్క పూట వెచ్చించి ఉంటే బాగుండేది. ఆ జవాబు మ్యూజియం పుట్టుకలోనే ఉంది. విల్‌హెల్మినా హాలడే, ఆమె భర్త వాలెస్ యూరప్ యాత్రలో వియన్నాలో క్లారా పీటర్స్ అనే పదిహేడో శతాబ్దపు ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రకారిణి వేసిన నిశ్చల చిత్రాన్ని, అంటే కదలని వస్తువుల బొమ్మను, చూసి ముచ్చటపడ్డారు. తర్వాత మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలోనూ ఆమె బొమ్మలు కనిపించాయి. ఇంటికి వచ్చి, కళాశాలల్లో అందరూ పాఠ్యగ్రంథంగా చదివే జాన్సన్ గారి కళాచరిత్రను తిరగేస్తే క్లారా పీటర్స్ పేరు లేదు. ఆమె పేరే కాదు, అంత లావు పుస్తకంలో ఒక్క స్త్రీ పేరూ లేదు. రాతియుగం గుహల నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా వచ్చిన పుస్తకమది. ఆ దంపతులు అప్పటి నుంచి స్త్రీల చిత్రాలే సేకరించి, 1981లో సంస్థను నెలకొల్పి, 1983లో భవనం కొని, 1987 ఏప్రిల్ 7న తలుపులు తెరిచారు. ఆ భవనం 1908లో ఫ్రీమేసన్లు కట్టుకున్న మందిరం, స్త్రీలకు సభ్యత్వం ఇవ్వని పురుషుల సంఘానిది. సుమారు 7 కోట్ల డాలర్ల ఖర్చుతో రెండేళ్లకు పైగా మరమ్మతులు జరిపి, 2023 అక్టోబరులో దాన్ని మళ్లీ తెరిచారు. విల్‌హెల్మినా గారు అది చూడకుండానే 2021లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ పాతకాలపు సంగతులు ఇప్పుడెందుకు అంటారేమో. 2019లో వెలువడిన ఒక పరిశోధన అమెరికాలోని 18 ప్రధాన మ్యూజియంల సేకరణలను పరిశీలించి, వాటిలోని కళాకారుల్లో 87 శాతం పురుషులేనని తేల్చింది. స్త్రీలు వేయలేదని కాదు. వేసిన బొమ్మ మీద పేరు నిలవలేదు. ఈ వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న కచేరీ దృశ్యాన్ని చిత్రించిన జూడిత్ లైస్టర్ సంగతే చూడండి. 1633లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరపు చిత్రకారుల సంఘంలో చేరి, సొంతంగా శిష్యులకు పాఠాలు చెప్పిన మనిషి. ఆమె ఇంటిపేరుకు దారి చూపే తార అని అర్థం, అందుకే సంతకంలో పొడి అక్షరాల పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టేది. అయినా ఆమె పోయాక రెండు శతాబ్దాలకు పైగా ఆ బొమ్మలను అదే నగరపు పేరున్న చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేశాడనే అమ్మారు, కొన్నారు. 1893లో ఒక డచ్చి పండితుడు, హాల్స్ చిత్రమని లూవ్ర్ మ్యూజియం కొన్న బొమ్మ మీద ఆ నక్షత్రాన్ని గుర్తుపట్టే దాకా ఎవరికీ ఆమె జ్ఞాపకం లేదు. మన దగ్గర మాత్రం ఏమైంది? మా రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరు తెలియని వారు లేరు, అది న్యాయమే. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుద్ధిరాజు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులేనని ఎంతమంది చెప్పగలరు? నా విద్యార్థుల్లో ఒక్కరికీ తెలియదు, నేను చెప్పేదాకా.

ఆ మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది అల్మా థామస్ బొమ్మ ముందు. ఐరిస్‌లు, తులిప్‌లు, ఇంకా రకరకాల పూల పేర్లు పెట్టుకున్న 1969 నాటి చిత్రం అది. పువ్వు ఆకారం ఒక్కటీ లేదు, నిలువు చారల్లో చిన్న చిన్న రంగు ముక్కలే. వాటిని చూస్తే పూలమడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. ఈ నల్లజాతి మహిళ అదే వాషింగ్టన్‌లో ఒక బడిలో ముప్పై అయిదేళ్లు డ్రాయింగు పాఠాలు చెప్పి, 1960లో పదవీ విరమణ చేశాక పూర్తిగా చిత్రలేఖనంలో దిగి, ఎనభయ్యో ఏట, 1972లో, న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ఒంటరిగా ప్రదర్శన ఇచ్చింది. ఆ మ్యూజియంలో అలా ప్రదర్శన ఇచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారికి ఇచ్చెయ్యమని ప్రతి పరీక్షల ముందూ చెప్పించుకున్న నాకు, ఆ గోడ ముందు కళ్లనీళ్లు ఆగలేదు. నేను దిగిపోయాక మా బడిలో నా పోస్టును ఎవరితోనూ నింపలేదు. రంగుల డబ్బాలున్న బీరువాలో ఇప్పుడు పాత జవాబు పత్రాలు పెడుతున్నారట. ఇలా పెరిగిన పిల్లలే రేపు పత్రికల్లో చేరి, బొమ్మ అచ్చువేస్తే ఎవరిదో రాయాలన్న సంగతి కూడా తెలియకుండా పేజీలు దిద్దుతారు.

మూడో తప్పు సరిగ్గా అదే. వ్యాసంతో పాటు పావు పేజీ రంగుల బొమ్మ వేసి, కింద ‘మ్యూజియంలోని ఒక చిత్రం’ అని రాశారు. అది మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1937లో తనను తాను చిత్రించుకుని, ఆ దేశంలో ఆశ్రయం పొందిన రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీకి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన బొమ్మ. రెండు తెల్లని తెరల నడుమ, పొడుగు పావడాతో, భుజాల మీద శాలువాతో ఆమె నిలబడి ఉంటుంది. ఒక చేతిలో పూలు, రెండో చేతిలో ఒక కాగితం. ఆ కాగితం మీద అంకితం మాటలు, తేదీ, చివర ఫ్రిదా కాలో అన్న పేరు స్పష్టంగా రాసి ఉన్నాయి. ఇంకెక్కడా వెతకనక్కర లేకుండా మీరు అచ్చువేసిన బొమ్మలోనే ఉన్న పేరు అది. అదే పేజీలో పై మూలన విమానాల మ్యూజియం ఫోటో కింద రైట్ సోదరుల పేరు ఉంది, నేను భూతద్దం పెట్టి మరీ చూశాను.

రాబోయే ఆదివారం అదే పేజీలో, మొదటి వ్యాసంలో వాడినంత అక్షరాల్లోనే సవరణ వేయండి. మ్యూజియం పేరు పూర్తిగా రాయండి. న్యూయార్క్ అవెన్యూ, 13వ వీధి కూడలిలో ఉందనీ, మెట్రో సెంటర్ స్టేషనులో దిగితే నడక దూరమేననీ, టికెట్టు ఉంటుందనీ చెప్పండి. స్థలం ఉంటే బొమ్మను మళ్లీ వేసి, ఈసారి దాని కింద ఫ్రిదా కాలో అని రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం (ప్రస్తుతం వర్జీనియా)